మీ చర్చి వయసు రాతిపలక చెప్పదు: పల్నాటి పాత లూథరన్ సంఘం చరిత్ర ఎలా రాయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పల్నాడులో మీ ఊరి లూథరన్ చర్చికి ఉత్సవం చేసి, ఆ సందర్భంగా చిన్న చరిత్ర పుస్తకం వేయాలనుకుంటున్నారు. గోడలో ఉన్న రాతిపలక మీద ఒక సంవత్సరం ఉంది. సంఘపెద్దలేమో "ఫాదర్ హయ్యర్ గారే స్వయంగా వచ్చి మన సంఘం పెట్టారు" అని దాన్ని ఇంకా చాలా వెనక్కి తీసుకెళ్తున్నారు. ఏది నమ్మాలి, మిగతా చరిత్ర ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు.

రెండింటినీ కాసేపు పక్కన పెట్టండి. రాతిపలక చెప్పేది గుడి కట్టిన సంవత్సరం. చాలా ఊళ్లలో అది మొదటి గుడి కూడా కాదు, రెండోదో మూడోదో. అంతకు ముందు తాటాకు పాక, దానికి ముందు ఎవరింటి అరుగో చెట్టు కిందో ఉండి ఉంటుంది. ఇక హయ్యర్ గారి సంగతి, గుంటూరుకు వచ్చిన మొదటి అమెరికన్ లూథరన్ మిషనరీ. గుంటూరు, పల్నాడు వైపు ప్రతి పాత సంఘమూ తన పుట్టుకను ఆయనకే ముడిపెట్టుకోవాలని చూస్తుంది. అందులో తప్పేం లేదు, అభిమానం అలాంటిది. కాకపోతే ఆయన ఎప్పుడు ఎక్కడ ఉన్నారో తేదీలతో సహా తెలుసు కాబట్టి మీ పెద్దల మాటను సరిచూసుకోవచ్చు.

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. కుర్రతనంలోనే అమెరికా వెళ్లి పాస్టర్ అయ్యారు. అమెరికా లూథరన్లు బయటి దేశానికి పంపిన మొదటి మిషనరీ ఆయనే. 1842 జులై 31న గుంటూరు చేరారు. అప్పటి కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనకు చోటిచ్చి అండగా నిలిచారు. ఆంధ్రదేశంలో ఆయన గడిపిన కాలం మూడు ముక్కలు. మొదటిది 1842 నుంచి 1845 దాకా, దాదాపు అంతా గుంటూరులోనే. తర్వాత అమెరికా వెళ్లి వైద్యం చదివి డాక్టరు పట్టా తీసుకుని 1848లో తిరిగొచ్చారు. 1849లో పల్నాడు వైపు కదిలి గురజాల కేంద్రంగా పనిచేశారు. 1857లో మళ్లీ వెళ్లిపోయారు. మూడోసారి 1869లో, డెబ్బై ఆరేళ్ల వయసులో వచ్చారు గానీ, అప్పుడు వచ్చింది రాజమండ్రి మిషన్ లూథరన్ల చేయి జారిపోకుండా కాపాడడానికి. 1871లో తిరిగి వెళ్లి, 1873లో అమెరికాలోనే కన్నుమూశారు.

కాబట్టి హయ్యర్ గారే మీ సంఘం పెట్టారన్నది నిజం కావాలంటే అది 1849, 1857 మధ్య జరిగి ఉండాలి. మీ పెద్దలు చెప్పే సంవత్సరం 1860ల్లోనో 1870ల్లోనో పడితే ఆ మాట నిలవదు. అంతమాత్రాన పెద్దలు కల్పించారని కాదు. ఆయన దగ్గర గురజాలలో బాప్తిస్మం పొందిన మనిషి ఎవరో తర్వాత మీ ఊరొచ్చి సంఘం మొదలుపెట్టి ఉండవచ్చు. రెండు తరాలు దాటేసరికి ఆ మధ్యమనిషి పేరు జారిపోయి దొరగారి పేరే మిగులుతుంది. అసలు మీరు పట్టుకోవాల్సింది ఆ మధ్యమనిషినే.

ఎందుకో చూడండి. హయ్యర్ గారు వెళ్లిపోయాక మిషన్‌కు కష్టకాలం వచ్చింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం, డబ్బు రావడం గగనమైంది. ఆడం లాంగ్ అనే మిషనరీ 1866లో సామర్లకోటలో మశూచితో చనిపోయారు. దాంతో ఎరియాస్ ఉనాంగ్‌స్ట్ ఒక్కరే అమెరికన్ మిషనరీగా మిగిలారు. గుంటూరు నుంచి గోదావరి దాకా ఉన్న సంఘాలన్నిటికీ ఒక్క దొర! రోడ్లు లేవు, రైలు లేదు. ఆ రోజుల్లో పల్నాటి పల్లెల్లో ఆదివారం ఆరాధన ఆగిపోకుండా నడిచిందంటే నడిపింది ఉపదేశులు, బడిపంతుళ్లు. చాలాచోట్ల ఇద్దరూ ఒకడే: పగలు పిల్లలకు అ ఆలు, రాత్రి పెద్దలకు లూథర్ చిన్న కాటెకిజం (ప్రశ్నోత్తరాల బోధ పుస్తకం), ఆదివారం ప్రార్థన. బాప్తిస్మమూ ప్రభు భోజనమూ ఇచ్చే అధికారం వాళ్లకు లేదు కాబట్టి ఆ కార్యాలు జరిగిన రోజు మాత్రమే రికార్డుకెక్కింది, అదీ దొరగారి పేరుతో. మధ్యలో గడిచిన నెలలకు రాత లేదు. చరిత్ర పుస్తకాలన్నీ దొరల వరుసలా కనబడడానికి అసలు కారణం ఇదే.

తెలుగువాళ్లకు పాస్టర్లుగా అభిషేకం జరగడానికి హయ్యర్ గారు వచ్చాక ముప్ఫై ఏళ్లు దాటింది. రాజమండ్రి మిషన్ మొదటి తెలుగు పాస్టర్లలో తోట జోసెఫ్, నేలప్రోలు పౌలుసు ఉన్నారు, అది 1870ల చివరి మాట. అంతకు ముందు తరమంతా అభిషేకం లేని సేవకులే నెట్టుకొచ్చారు. మీ పుస్తకంలో మిషనరీలకు రెండు పేజీలు చాలు, మిగతావి వీళ్లకివ్వండి.

ఇక ఎక్కడ వెతకాలన్న ప్రశ్న. అన్నిటికన్నా ముందు మీ చర్చిలోనే, పాస్టరుగారి బీరువాలో ఉన్న రిజిస్టర్లు. బాప్తిస్మం, కన్ఫర్మేషన్ (చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవాళ్లు ఎదిగాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే కార్యం), ప్రభు భోజనం, పెళ్లి, సమాధి అని విడివిడిగా ఉంటాయి. వీటిని పేర్ల జాబితాలా చదివితే ఏమీ దొరకదు, వరుస చూస్తూ చదవాలి. మొదటి పేజీల్లో పెద్దవాళ్ల బాప్తిస్మాలు గుంపులుగా, ఒకే తేదీన మొత్తం కుటుంబం, ఒకే తేదీన నాలుగైదు ఇళ్లు కనిపిస్తాయి. కొన్నేళ్లకు అవి తగ్గి, నెలల పసిపిల్లల బాప్తిస్మాలు పెరుగుతాయి. లూథరన్లు చంటిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు కదా, అందువల్ల ఆ మార్పు ఎక్కడ వచ్చిందో అక్కడ మీ సంఘంలో రెండో తరం మొదలైందన్నమాట. ఒంగోలు వైపు బాప్టిస్టు సంఘాల రిజిస్టర్లలో ఈ ఆధారం దొరకదు, వాళ్లు పసిపిల్లలకు ఇవ్వరు. మళ్లీ ఎక్కడైనా పెద్దవాళ్ల పేర్లు ఒక్కసారిగా పెరిగితే ఆ చుట్టుపక్కల ఏం జరిగిందో చూడండి. 1876-78 కరువు తర్వాత ఆంధ్ర ప్రాంతంలో చాలా మిషన్లలో ఇది కనిపిస్తుంది.

కరువు పేరెత్తగానే కొందరు "గంజి కోసం కలిశారు" అని ఒక్క మాటతో కొట్టేస్తారు. ఆ మాట పట్టుకుని చరిత్ర రాసేవాళ్ల మీద నాకు ఓపిక లేదు. గంజి కోసమే అయితే కరువు పోగానే వెళ్లిపోవాలి. మీ రిజిస్టరే సాక్షి: కరువు ఏట చేరిన ఇంటిపేర్లు ఇరవై ఏళ్ల తర్వాత కన్ఫర్మేషన్ పేజీల్లో ఉన్నాయా లేవా చూడండి. ఉంటే ఆ కుటుంబాలు ఎందుకు నిలిచాయో అప్పుడు రాయొచ్చు. బడి ఒక కారణం, గౌరవంగా కూర్చునే చోటు ఇంకో కారణం. లేకపోతే లేవనే రాయండి.

కులం గురించి దాచకుండా రాయండి. పల్నాడు, గుంటూరు ప్రాంతంలో లూథరన్ సంఘాలు ఎక్కువగా మాలపల్లెల్లో పెరిగాయి. ఒంగోలు చుట్టూ బాప్టిస్టు ఉద్యమం మాదిగపల్లెల్లో నిప్పులా అంటుకుంది. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి ప్రసిద్ధమే. మిషన్లు తమలో తాము హద్దులు గీసుకుని ఒకరి పొలంలో ఒకరు అడుగుపెట్టకూడదని ఒప్పుకున్నాయి. ఆ హద్దులు కొన్నాళ్లకు కులపు హద్దుల్లాగే గట్టిపడ్డాయి. మీ ఊళ్లో రెండు పల్లెలకు రెండు డినామినేషన్లు ఉంటే దానికి మూలం సిద్ధాంతంలో కాదు, ఈ చరిత్రలో ఉంటుంది. తర్వాత ఇతర కులాల కుటుంబాలు చేరినప్పుడు ఎవరెక్కడ కూర్చున్నారు, ప్రభు భోజనం పాత్ర ఎలా తిరిగింది అన్నవి పెద్దవాళ్లను నెమ్మదిగా అడిగితే చెబుతారు. గుంపులో అడగొద్దు, ఒక్కొక్కరినీ ఇంట్లో కూర్చుని అడగండి.

రిజిస్టర్ల పక్కనే లెక్కల పుస్తకం ఉంటుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. పిడికెడు బియ్యం కానుక, అంటే వంట చేసేటప్పుడల్లా గుప్పెడు బియ్యం విడిగా తీసి ఆదివారం తెచ్చివ్వడం. కోతపండుగకు వచ్చిన వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు, వాటి వేలం. ఏ ఏడాది వేలం డబ్బు పడిపోయిందో ఆ ఏడాది పంట పోయిందని అర్థం. పాస్టరుగారి జీతంలో మిషన్ వాటా ఎంత, సంఘం వాటా ఎంత అని పక్కపక్కన రాసిన పేజీలు దొరికితే అదృష్టమే. సంఘం తన కాళ్ల మీద నిలబడిన క్రమం అంతా అందులో ఉంటుంది. గుడి గంట దగ్గరకెక్కి దాని మీద పోతపోసిన అక్షరాలు కూడా రాసుకోండి. పాత గంటల మీద తయారైన ఊరు, సంవత్సరం, ఒక్కోసారి ఇచ్చినవాళ్ల పేరు ఉంటాయి.

ఊళ్లో దొరకనివి బయట ఉంటాయి, అక్కడ ఒక చిక్కుముడి ఉంది. 1867 ప్రాంతంలో అమెరికా లూథరన్లు రెండుగా చీలారు. గుంటూరు మిషన్ జనరల్ సినడ్ కిందికి, రాజమండ్రి మిషన్ జనరల్ కౌన్సిల్ కిందికి పోయాయి. రాజమండ్రిలో పని మొదలుపెట్టింది అసలు ఉత్తర జర్మనీ మిషన్ వాళ్లు, 1840ల మధ్యలో. వాళ్ల చేతిలోంచి అమెరికన్లకు వచ్చింది. 1918లో అమెరికాలో ఆ రెండు శాఖలూ కలిశాయి, 1927లో ఇక్కడ ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. కాబట్టి మీ పల్నాడు సంఘం పాత నివేదికల కోసం జనరల్ సినడ్ మిషన్ బోర్డు కాగితాలు చూడాలి, గోదావరి వైపు వాళ్లు జనరల్ కౌన్సిల్ బోర్డువి చూడాలి. అమెరికాలో ఇవాంజెలికల్ లూథరన్ చర్చి ఆర్కైవ్స్, మన దగ్గర బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ ఆర్కైవ్స్, చెన్నై గురుకుల్ లూథరన్ థియొలాజికల్ కాలేజీ, ఈ మూడూ ముందుగా రాసి అడగదగ్గ చోట్లు. పంతొమ్మిదో శతాబ్దపు మిషన్ నివేదికలు కొన్ని ఇంటర్నెట్లో స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు కూడా.

వెతికేటప్పుడు రెండు జాగ్రత్తలు. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసి కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ 1904లో వేరు చేశారు. ఆ నలభై అయిదేళ్ల ప్రభుత్వ కాగితాల్లో మీ ఊరు కృష్ణా జిల్లా కింద ఉంటుంది. గుంటూరు కింద వెతికి లేదనుకుని వదిలేసినవాళ్లు చాలామంది. రెండోది, ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో రకరకాలుగా రాసేవారు. గురజాల "గుర్జాల్" అవుతుంది, ఏలూరు "ఎల్లోర్" అవుతుంది. మీ ఊరి పేరును దొర చెవితో విని ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే ఒక కాగితం మీద పెట్టుకోండి.

ఆడవాళ్ల చరిత్ర మాత్రం రిజిస్టర్లలో సగమే ఉంటుంది. బైబిల్ స్త్రీలని పిలిచేవారు వాళ్లను. ఇళ్లలోపలికి వెళ్లి చదివించి, పాటలు నేర్పి, జబ్బుపడినవాళ్లను ఆస్పత్రికి చేర్చినవాళ్లు. గుంటూరు ఆస్పత్రి కథ మీకు తెలిసే ఉంటుంది. డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో వచ్చారు. ఆవిణ్ణి పంపిన మహిళా సంఘం అప్పటికి వైద్యసేవకు సిద్ధంగా లేదు, బడి పని మీద, ఇళ్లలో బోధన మీద పంపింది. ఆవిడ మాత్రం రోగులను చూడకుండా ఉండలేదు. ఆస్పత్రి 1898లో తెరుచుకుంది. 1930లో చనిపోయేదాకా ఆవిడ గుంటూరునే అంటిపెట్టుకున్నారు. పల్నాటి పల్లె నుంచి గుంటూరు దాకా బండి మీద గర్భిణిని తీసుకెళ్లిన బైబిల్ స్త్రీ పేరు మీ ఊళ్లో ఎవరికైనా గుర్తుందేమో అడగండి. ముసలమ్మలకు గుర్తుంటుంది. ఇది ఈ ఏడాదే చేయండి, వాయిదా వేసే పని కాదు.

బళ్ల సంగతి క్లుప్తంగా: గుంటూరు ఏ.సి. (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీ మూలం 1885 నాటిది. పల్లెబడిలో అక్షరాలు దిద్దిన పిల్లలు బోర్డింగు హైస్కూలుకి, అక్కణ్ణుంచి ఉపాధ్యాయ శిక్షణకి వెళ్లి మళ్లీ పల్లెలకే పంతుళ్లుగా తిరిగొచ్చేవారు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కూడా గుంటూరులో లూథరన్ చర్చి నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు పనిచేశారు. మీ ఊరి పాత పంతుళ్లలో ఆయన శిష్యులుండడం అసాధ్యమేమీ కాదు, చూడండి.

కొన్ని పుస్తకాల్లో లూథరన్ చరిత్రను 1706లో తమిళ తీరంలోని తరంగంబాడి మిషన్ నుంచి మొదలుపెడతారు. ఆ మిషన్ వారసుడైన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి, జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన మాట నిజమే. 1746 నాటి "మోక్షానికి కొంచు పొయ్యె దోవ" వాటిలో ఒకటి. చదవడానికి ముచ్చటగా ఉంటుంది. మీ పల్నాటి సంఘానికీ దానికీ మాత్రం నేరుగా ఏ సంబంధమూ లేదు. ఒక్క వాక్యం రాసి ముందుకెళ్లండి.

1927 తర్వాతి కాలాన్ని చాలామంది తొందరగా దాటేస్తారు, అక్కడ పాస్టర్ల బదిలీలు తప్ప ఏమీ లేవనుకుని. ఉన్నాయి. ఆంధ్ర లూథరన్ చర్చి ఏర్పడినా దాని అధ్యక్షపదవి మిషనరీల చేతిలోనే ఉండిపోయింది. 1944లో ఇ. ప్రకాశం గారితో అది భారతీయులకు వచ్చింది. ఆ పదిహేడేళ్లలో మీ సంఘం నుంచి సినడ్‌కి, అంటే సంఘాల ప్రతినిధుల సభకి, వెళ్లిన ప్రతినిధులు ఎవరు, ఏం అడిగారు? 1947లో కొన్ని ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.)గా ఏర్పడినప్పుడు లూథరన్లు అందులో చేరలేదు. బిషప్పు పదవి, ప్రభు భోజనం మీద బోధ లాంటి విషయాల్లో చర్చలు తర్వాత చాలాకాలం నడిచాయి. రాజమండ్రి వైపు సంఘమైతే 1938లో ముంగమూరి దేవదాసు గారు లూథరన్ చర్చి నుంచి బయటికి వచ్చి బైబిల్ మిషన్ స్థాపించడం, ఎన్నో కుటుంబాలు ఆయన వెంట వెళ్లడం తప్పక రావాలి. ఆ ప్రభావం మీ ఊళ్లో ఎప్పుడు వచ్చిందో అడిగి తెలుసుకోండి. ఇటీవలి దశాబ్దాల ఎన్నికల గొడవలు, కోర్టు కేసుల జోలికి ఉత్సవ పుస్తకంలో పోకండి. అది పిరికితనం కాదు, ఇంకా తేలని విషయాన్ని తేలినట్టు రాయకపోవడం.

ఒక గట్టి హెచ్చరిక ఉంది, దీన్ని మీ కమిటీ అందరికీ చదివి వినిపించండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైనవారికి షెడ్యూల్డ్ కుల హోదా లేదు. మన రాష్ట్రంలో అలాంటి కుటుంబాలు బీసీ-సి (వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు) కిందికి వస్తాయి. అందువల్ల చాలా ఇళ్లలో చర్చి రిజిస్టర్లో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు ఉంటాయి. మీరు ఉత్సాహంగా బాప్తిస్మ రిజిస్టర్ ఫోటోలు తీసి పుస్తకంలోనో ఫేస్‌బుక్‌లోనో పెడితే బతికున్న మనిషి ఉద్యోగానికి, సర్టిఫికెట్‌కి ఎసరు పెట్టినట్టే. ఆ తరం పోయి వాళ్ల మనవల తరం నడుస్తున్నా సరే, వాళ్లను అడక్కుండా ఇంటిపేర్లు అచ్చువేయొద్దు. మొదటి పేజీల్లోని పాతకాలపు పేర్లకు కూడా వారసుల అనుమతి తీసుకోండి. చరిత్ర ఆసక్తికరంగా ఉందని ఎవరి బతుకునూ బజారులో పెట్టే హక్కు మనకు లేదు.

రిజిస్టర్లను ఫోటో తీయడం మాత్రం వెంటనే చేయండి, అచ్చు కోసం కాదు, భద్రత కోసం. పాత సిరా కాగితాన్ని తినేస్తుంది, చెదలు మిగిలింది తింటాయి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఒక్కో పేజీ పూర్తిగా కనబడేలా తీసి ఒక నకలు పాస్టరుగారి దగ్గర, ఒకటి సంఘ కార్యదర్శి దగ్గర ఉంచండి. గుడి స్థలం దస్తావేజు నకలు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి తెచ్చుకోండి. స్థలం ఎవరిచ్చారు, ఊరి పెద్దరైతు దానం చేశాడా, మిషన్ కొన్నదా అన్నది అందులో ఉంటుంది. ఊరికీ పల్లెకూ ఆ రోజుల్లో ఉన్న సంబంధం గురించి ఆ ఒక్క కాగితం చాలా చెబుతుంది.

చివరిగా, ఏ సంవత్సరాన్ని పట్టుకుని ఉత్సవం చేయాలి? రిజిస్టర్లో గానీ మిషన్ నివేదికలో గానీ మీ ఊరి మొదటి బాప్తిస్మాల తేదీ దొరికితే సంఘం అప్పుడే పుట్టినట్టు. దొరక్కపోతే నివేదికల్లో మీ ఊరి పేరు మొదటిసారి కనబడిన ఏడాదిని తీసుకుని, "ఈ ఏటికే ఇక్కడ సంఘం ఉంది" అని రాయండి, "ఈ ఏట స్థాపించారు" అని రాయకండి. రాతిపలక మీది సంవత్సరాన్ని గుడి ప్రతిష్ఠ సంవత్సరంగా విడిగా చెప్పండి. హయ్యర్ గారి మాటను "పెద్దలు ఇలా చెబుతారు" అని వాళ్ల నోటి మాటగానే వేయండి. సంఘానికి ఒకటి, గుడికి ఒకటి అని రెండు పండుగలు చేసుకుంటామన్నా మీ పెద్దలు కాదనరని నా నమ్మకం.